దోరగా వేయించిన నువ్వులు

శ్రావణమాసం వచ్చిందంటే మా వీధిలో సెనగలకి లోటుండదు. మంగళవారాలు కొత్త కోడళ్ళ నోములు, శుక్రవారాలు లక్ష్మీపూజలు. పేరంటానికి వెళ్ళిన ప్రతి ఆడమనిషీ తమలపాకులతో పాటు ఇన్ని నానిన సెనగలు కొంగున కట్టుకుని ఇంటికొస్తుంది. మా అత్తయ్య విజయమ్మ వీధికంతటికీ పెద్ద ముత్తయిదువ. ఆవిడ కాళ్ళకి పసుపు రాసి, ఆవిడ చేతిలో వాయినం పెడితే గానీ తెనాలిలో మా చుట్టుపక్కల ఏ కొత్త కోడలి నోమూ నోములా ఉండదు. దాంతో ఆ నెలంతా మా వంటింట్లో ఏ గిన్నె మూత తీసినా సెనగలే. గుగ్గిళ్ళు, కూర, వడలు, చివరికి పులుసులోకి కూడా అవే. వాయినం పారెయ్యకూడదు, ఇంకొకళ్ళకి దాటించకూడదు, ఇంటివాళ్ళే తినాలి అని అత్తయ్య పట్టుదల. బాపట్ల నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తల్లో, లక్ష్మీదేవికి నా మీద ఏదో కోపం ఉండి ఉంటుందనుకునేదాన్ని.

ఆ ఏడు శ్రావణానికి మాత్రం తినేవాళ్ళలో ముఖ్యమైన మనిషి తప్పుకున్నారు. మా మావయ్య బసవేశ్వరరావుగారికి గొంతులో గడ్డ లేచింది. ఎండాకాలమంతా గుంటూరు తిప్పి రేడియేషన్ కరెంటు పెట్టించాం. గడ్డ కరిగింది గానీ గొంతు లోపలంతా పుండైపోయింది. జీవితమంతా నిమ్మకాయల యార్డులో కమీషన్ కొట్టు నడిపిన మనిషికి నిమ్మరసం చుక్క తగిలితే చాలు, కళ్ళమ్మట నీళ్ళు కారేవి. పండుమిరపకాయల పచ్చడి లేనిదే ముద్ద ఎత్తని మనిషి కారం ఊసెత్తితే మొహం తిప్పుకునేవారు. పాలు, గంజి, రాగిజావ. అవి కూడా రెండు గుటకలు మింగి గ్లాసు పక్కన పెట్టేసేవారు. నొప్పి కన్నా విసుగే ఎక్కువని నా అనుమానం.

ఆషాఢం చివర్లో గుంటూరు డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. ఈసారి వచ్చేసరికి బరువు ఇంకా తగ్గితే పొట్టలోకి గొట్టం వెయ్యాల్సిందే, పాలైనా జావైనా ఇక అందులోంచే పొయ్యాలి అన్నారు. శ్రావణం అయిపోగానే మళ్ళీ రమ్మన్నారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో ముందు సీట్లో కూర్చున్న మావయ్య, బండి నడుపుతున్న మా ఆయన మోహనకృష్ణతో అన్నారు.

"రేపల్లెలో మా నరసింహాన్ని చూశాను గదరా. మంచమ్మీద పడుకోబెట్టి సిరంజీతో పోస్తుంటే వాడు గోడవైపు తిరిగి పడుకునేవాడు. చెట్టుకి నీళ్ళు పోసినట్టు. నేనట్టా బతకను. గొట్టం వేయించారనుకో, పీకేసుకుంటా. ముందే చెబుతున్నా."

ఆయన ఉత్తినే బెదిరించే రకం కాదు. యార్డులో ఆయన ఒక మాటన్నాక రైతూ వెనక్కి అడిగేవాడు కాదు, వ్యాపారీ అడిగేవాడు కాదు. మోహన్ నందివెలుగు దాటేదాకా రోడ్డు వైపే చూస్తూ నడిపాడు. వెనక సీట్లో నా పక్కన అత్తయ్య మంగళసూత్రాలు జాకెట్లోంచి పైకి తీసి, కళ్ళకద్దుకుని, మళ్ళీ లోపలికి వేసుకుంది. శ్రావణం అయ్యేలోగా ఆయన ఏదో ఒకటి తినాలి. అంతకన్నా ఆ ఇంట్లో మాట్లాడుకోవాల్సింది ఏం లేదు.

తినలేని మనిషి రోజంతా ఏం చేస్తాడంటే, వేరేవాళ్ళు తింటుంటే చూస్తాడు. మావయ్య ఫోన్లో వంటల వీడియోలు పెట్టుకుని, సౌండు బాగా పెంచి, మంచం మీద పడుకుని చూసేవారు. బిర్యానీలు, పీతల ఇగురు, చైనా వాళ్ళ నూడుల్స్, ఎక్కడో కొండల్లో వెదురు బొంగులో కాల్చే కోళ్ళు. వంటింట్లోంచి వింటే మా ముందుగదిలో ఊరంతా విందు చేసుకుంటున్నట్టుండేది. అత్తయ్యకి ఆ చప్పుడంటే ఒళ్ళు మంట. "చూస్తే కడుపు నిండుతుందా?" అని గొణిగేది. నేను మాత్రం, ఇంకా ఆశ చావలేదులే అని లోపల్లోపల సంతోషించేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం నన్ను కేకేశారు.

"అమ్మాయ్, చంద్రకళా! ఇట్రా. ఇదేంటో చూడు."

ఫోన్లో ఎవరో పెద్దాయన. ఎక్కడో ఎడారి దేశం. చిన్న కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని పళ్ళెంలో లేత రంగు ముద్దని రొట్టెముక్కతో తుడిచి తుడిచి తింటున్నాడు. నోట్లో ఒక్క పన్ను లేదు.

"హమ్మస్ అంటారండీ మావయ్యగారూ. సెనగలతో చేస్తారు."

"సెనగలా? మన సెనగలే?"

"వాళ్ళవి తెల్లగా, కాస్త పెద్దవిగా ఉంటాయి. మెత్తగా ఉడకబెట్టి, నువ్వుపప్పు, వెల్లుల్లి, నిమ్మకాయ వేసి రుబ్బుతారు."

"కారం?"

"ఉండదండి."

"మరింకేం! పచ్చడికి పచ్చడి, కారం లేదు. పళ్ళు కూడా అక్కర్లేదు చూడు ఆయనకి." ఆ వీడియోని వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు. "మనింట్లో సెనగలు దొర్లుతున్నాయి గదా. చేసిపెట్టమ్మాయ్."

ఆయన నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగి ఎన్నాళ్ళయిందో. నేను హమ్మస్ ఒక్కసారే తిన్నాను, హైదరాబాదులో ఎవరిదో రిసెప్షన్‌లో. ఉడికీ ఉడకని సెనగపిండి తిన్నట్టనిపించి పళ్ళెంలో వదిలేసి వచ్చాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆ శుక్రవారం అత్తయ్య పేరంటానికి వెళ్ళాక మొదలుపెట్టాను. ముందు మంగళవారం వచ్చిన వాయినం సెనగలు చిటికెడు వంటసోడా వేసి కుక్కర్లో పెట్టి, నలిపితే పిండయ్యేదాకా ఉడికించాను. పొట్టు తియ్యాలి. అది మామూలు పని కాదు. ఒక్కొక్క గింజా పట్టుకుని బొటనవేలితో నొక్కితే పప్పు ఎగిరి ఎక్కడో పడుతుంది, పొట్టు చేతిలో మిగులుతుంది. కొట్టు నుంచి భోజనానికొచ్చిన మోహన్‌ని కూడా కూర్చోబెట్టాను. చొక్కా చేతులు పైకి మడుచుకుని, టీవీ చూస్తూ, పొట్టు సెనగల్లోనూ సెనగలు పొట్టులోనూ వేశాడు. కిరాణా కొట్టు నుంచి తెప్పించిన నువ్వుపప్పుని మిక్సీలో ముద్ద చేసి, సెనగలు కలిపి, గోరువెచ్చటి నీళ్ళతో వెన్నలా అయ్యేదాకా తిప్పాను. గొంతు పుండుకి భయపడి వెల్లుల్లి వెయ్యలేదు, నిమ్మకాయ పిండలేదు. మన సెనగలు ఎర్రవి కాబట్టి ఆ ముద్ద వీడియోలోలా తెల్లగా కాకుండా కాలవ మట్టి రంగులో వచ్చింది.

మావయ్య మంచం మీద కూర్చుని స్పూను తీసుకున్నారు. నాలుక చివర పెట్టుకుని ఆగారు. మింగారు. నేను ఆయన గొంతునే చూస్తున్నాను. ఇంకో స్పూను, ఇంకోటి.

"దిగుతోందమ్మాయ్," అన్నారు. ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. "కానీ నువ్వులు పచ్చిగా వేశావు. కాస్త చేదొస్తోంది. దోరగా వేయించాల్సింది."

అప్పుడే అత్తయ్య గుమ్మంలో అడుగుపెట్టింది. కాళ్ళకి పచ్చిపసుపు, మెడకి గంధం, కొంగులో మూట. చివరి మాటలు చెవిన పడ్డాయి. నా వైపు చూసింది, ఆయన చేతిలో గిన్నె వైపు చూసింది.

"నువ్వులా?"

నేను చెప్పబోయేలోగా వచ్చి గిన్నె లాగేసుకుంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"శ్రావణ శుక్రవారం పూట, అమ్మవారి వాయినంలో నువ్వులు కలిపావా? జబ్బు మనిషికి? నువ్వులు ఎవరికి పెడతారే? ఎవరి పేరు చెప్పి వదుల్తారు? పైన తాలింపు కూడా లేదు. తాలింపు లేకుండా తినడానికి ఇదేమన్నా చావిల్లా?"

నాకు నిజంగా ఆ ఆలోచనే రాలేదు. మా ఇళ్ళల్లో మనిషి పోయినప్పుడు వంటకి తాలింపు వెయ్యరు. పోయినవాళ్ళకి నీళ్ళు వదిలేటప్పుడు నువ్వులు లేకుండా వదలరు. ఆ రెండూ నాకు తెలియనివి కావు. ఎక్కడో ఎడారి దేశం వంటని తెచ్చి, అక్షరం పొల్లుపోకుండా మైల వంట చేసి ఆయన చేతిలో పెట్టానని అత్తయ్య అంటేగానీ తట్టలేదు.

మంచం మీంచి మావయ్య నవ్వారు.

"ఎలాగూ నేను పోయాక నువ్వులే గదే పెడతారు విజయా. నా వంతు నేను ముందే తింటే ఏం పోయింది?"

ఆయన తప్ప ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వు కూడా మధ్యలో దగ్గులోకి దిగింది. అత్తయ్య గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. పారబోస్తుందనుకున్నాను. కాసేపాగి వెళ్ళి చూస్తే, పెరటి మెట్ల మీద నా వైపు వీపు పెట్టి కూర్చుని, ఆ గిన్నెలోది వేలితో తీసుకుని తింటోంది. వాయినం పారెయ్యకూడదు కదా. అడుగంటా తినేసి, గిన్నె తోమి, బోర్లించి లోపలికొచ్చింది. ఆ నువ్వుల్లో కీడేమైనా ఉంటే అది తనకే తగలాలని తిన్నదని నాకు అర్థమయ్యేసరికి రెండ్రోజులు పట్టింది.

ఆ తర్వాత నువ్వుల మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నువ్వులు లేకుండా చేద్దామని చూశాను. బాపట్ల నుంచి మా అమ్మ వేటపాలెం జీడిపప్పు పంపింది. దాంతో రుబ్బి పెడితే మావయ్య ఒక స్పూను తిని, "స్వీటు షాపులో కూర్చున్నట్టుందమ్మాయ్," అని పక్కన పెట్టారు. పల్లీలు వేశాను. "ఇది పల్లీ చట్నీ. ఇడ్లీ ఏది?" అన్నారు. ఆయన ఎకసెక్కాలు తగ్గలేదు గానీ మనిషి తగ్గిపోతున్నారు. చేతివాచీ మోచేతి దాకా జారుతుంటే తీసి బల్ల మీద పెట్టేశారు. తర్వాత ఫోన్లో వీడియోలు చూడటం కూడా మానేశారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. చూస్తే కడుపు నిండుతుందా అని గొణిగిన అత్తయ్యే ఒకరోజు ఫోను తెచ్చి ఆయన పక్కన పెట్టి, "చూడండి, ఏదో ఒకటి," అంది. ఆయన కళ్ళు తెరవలేదు.

పేరంటాలకి మాత్రం ఒక్కటి కూడా మానకుండా తిరిగింది ఆవిడ. ఎండలో, వానలో, పిలిచిన ప్రతి ఇంటికీ. కొందరు కొత్త కోడళ్ళు ఆవిడ కాళ్ళకి పసుపు రాస్తూ, "బాబాయిగారికి ఎలా ఉందండి పిన్నీ?" అని అడిగేవాళ్ళు. "బాగున్నారమ్మా, తింటున్నారు," అని చెప్పి వచ్చేది. ఇంటికొచ్చి ఆయన తాగకుండా వదిలేసిన పాలు చూసేది.

శ్రావణం ముగింపుకొచ్చింది. చివరి శుక్రవారం పొద్దున్నే అత్తయ్య చీర కుచ్చిళ్ళు పైకి దోపి వంటింట్లోకొచ్చింది.

"నువ్వు లే. నేను చేస్తాను. ఏదో ఆ సెనగల పచ్చడేగా. పచ్చడి చెయ్యడం నాకొకళ్ళు నేర్పాలా?"

సెనగలు ఉడికించింది. నాకు రాని ఉపాయం ఆవిడకొచ్చింది. ఉడికిన సెనగలని తడిగుడ్డలో వేసి రెండు చేతులతో రుద్దింది, పొట్టంతా గుడ్డకే పట్టుకుంది. రోట్లో వేసి రుబ్బింది. నువ్వుల మాట లేదు. జీడిపప్పు, పల్లీలు కూడా లేవు. ఉత్త సెనగలే. తర్వాత మూకుడు పొయ్యి మీద పెట్టి పప్పునూనె పోసి, ఆవాలు, మినప్పప్పు, ఇంగువ, కరివేపాకు వేసింది. పప్పునూనె కూడా నువ్వుల్లోంచే వస్తుంది కదత్తయ్యా అనబోయి నోరు మూసుకున్నాను. తాలింపు చిటపటలాడి ఇల్లంతా కమ్మగా వాసనొచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో మా వంటింటికి కళొచ్చింది. ముందుగదిలో మావయ్య కూడా లేచి కూర్చున్నారు.

"ఇదీ పచ్చడంటే," అంది అత్తయ్య, గిన్నె ఆయన చేతికిస్తూ.

ఆయన మొదటి స్పూను మింగారు. రెండోది పెట్టుకున్నారు. పెట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మినప్పప్పు బద్దో ఆవగింజో పుండు మీద గుచ్చుకుంది. దగ్గు మొదలైంది. దగ్గి దగ్గి ముందుకు వంగిపోయారు. కొట్టుకు బయల్దేరుతున్న మోహన్ చెప్పులతోనే లోపలికి పరిగెత్తుకొచ్చి వీపు పట్టుకున్నాడు. నేను నీళ్ళు పట్టుకొచ్చాను. తువ్వాలు మూతి దగ్గర్నుంచి తీస్తే ఎర్రటి మరక. అత్తయ్య గరిట పట్టుకుని నిలబడిపోయింది. ముందుకి రాలేదు, వెనక్కి పోలేదు.

కాసేపటికి దగ్గు ఆగింది. మావయ్య కళ్ళు తుడుచుకుని అత్తయ్య వైపు చూశారు. గొంతు పూర్తిగా పెగల్లేదు.

"బావుందే," అన్నారు. "తాలింపు బావుంది."

అంత బాధలో కూడా ఆవిడని ఊరడించాలని చూస్తున్న ఆయన్ని చూస్తే నాకు దుఃఖం ఆగలేదు. నీళ్ళ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను. ఆ సాయంత్రం వీధి చివరింటి వాళ్ళు పేరంటానికి పిలవడానికొస్తే, అత్తయ్యకి తలనొప్పిగా ఉందని చెప్పి పంపించాను. చెప్పమన్నది ఆవిడే. నాకు తెలిసి ఆవిడ మానేసిన శ్రావణ పేరంటం అదొక్కటే.

మర్నాడు పొద్దున్న నేను కాఫీ కలుపుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"ఆ నువ్వులు ఇంకా ఉన్నాయా?"

నా వైపు చూసి అడగలేదు. కిటికీలోంచి పెరట్లోకి చూస్తూ అడిగింది.

"ఉన్నాయండి అత్తయ్యా."

"మూకుడు తియ్యి."

డబ్బా అందిస్తే తనే పోసుకుంది. మంట బాగా తగ్గించి, గరిట ఆడిస్తూ నిలబడింది. నువ్వులు వేయించడం అంటే కళ్ళు పక్కకి తిప్పే పని కాదు. ఒక్క క్షణం ఏమరితే మాడిపోతాయి, ముందే దించితే పచ్చిగా ఉంటాయి. గింజలు చిటచిటమని ఎగరడం మొదలెట్టగానే దించేసి పళ్ళెంలో పరిచింది. నాలుగు నోట్లో వేసుకుంది.

"నువ్వు పచ్చివి వేశావు. అందుకే చేదొచ్చింది. నేను తిన్నాగా," అంది. అంతకు ముందూ తర్వాతా ఆవిడ నాతో ఆ శుక్రవారం గురించి మాట్లాడింది ఆ ఒక్క మాటే.

సెనగలు, నువ్వులు రోట్లో వేసి రుబ్బింది. మెత్తగా అయ్యాక కూడా ఆపలేదు. బద్ద కాదు కదా, పలుకు కూడా లేకుండా చేతివేళ్ళ మధ్య రాసి చూసుకుంటూ రుబ్బింది. రోటి చప్పుడుకి ముందుగదిలోంచి మావయ్య, "ఏంటది?" అని అడిగారు. తాలింపు పెట్టలేదు. గిన్నెలోకి తీసి, దేవుడి గది ముందు నుంచి పోతూ ఒక్క అడుగు ఆగింది. దణ్ణం పెట్టడానికి చేతులు ఖాళీ లేవు. అలాగే నిలబడి, మళ్ళీ నడిచింది.

"తాలింపేదే?" అన్నారు మావయ్య, గిన్నెలోకి చూసి.

"తినండి."

ఆయన ఆవిడ మొహంలోకి చూశారు. తిన్నారు. నెమ్మదిగా, స్పూనుకీ స్పూనుకీ మధ్య ఊపిరి తీసుకుంటూ తిన్నారు. ఎదురుగా కుర్చీలో అత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని, చూపు గోడమీది క్యాలెండరుకి అంటించి కూర్చుంది. గిన్నె సగానికి పైగా ఖాళీ అయింది.

"ఇప్పుడు బావుంది. నువ్వులు సరిగ్గా వేగాయి," అన్నారు ఆయన. తర్వాత కాస్త సిగ్గుపడుతున్నట్టు, "ఒక్క చుక్క నిమ్మకాయ పిండవే. ఒక్క చుక్కే," అన్నారు.

అత్తయ్య లేచి వెళ్ళి నిమ్మకాయ కోసుకొచ్చింది. పిండితే రెండు చుక్కలు పడ్డాయి. ఆయన ఓర్చుకుని మింగారు.

ఆ రోజు నుంచి పొద్దునొక గిన్నె, సాయంత్రమొక గిన్నె. గుంటూరు వెళ్ళిన రోజు మిషను మీద ఆయన నిలబడితే మేం ముగ్గురం ముల్లు వైపే చూస్తున్నాం. బరువు పెరగలేదు. తగ్గలేదు కూడా. డాక్టరుగారు ముల్లు చూసి, గొంతులోకి లైటు వేసి చూసి, గొట్టం సంగతి ఇప్పుడు వద్దులెండి అన్నారు. ఏం పెడుతున్నారమ్మా అని అత్తయ్యని అడిగారు. "పచ్చడండి," అంది ఆవిడ. ఆయన ఉలిక్కిపడితే నేను కల్పించుకుని వివరించాల్సి వచ్చింది. తెనాలి రాగానే మావయ్య బండి యార్డు దగ్గర ఆపించుకుని, దిగలేకపోయినా అద్దం దించి, వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నారు.

"మా ఆవిడ అరబ్బు పచ్చడి చేస్తోందిరా. అదే నన్ను నిలబెట్టింది."

"ఊరుకోండి, నలుగురూ వింటారు," అని అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వెనక సీట్లోంచి నాకు సరిగ్గా కనిపించలేదు.

దసరాకి ఆయన మెత్తటి అన్నం కూడా తిన్నారు. కార్తీకంలో ఒకసారి మోహన్ భుజం పట్టుకుని అమృతలూరు వెళ్ళి మా పొలం గట్టు మీద కాసేపు నిలబడి వచ్చారు. వాచీ మళ్ళీ చేతికెక్కింది. హమ్మస్‌లోకి నిమ్మకాయ చుక్కల నుంచి అరచెక్క దాకా పెరిగింది. వాయినం సెనగలు ఎప్పుడో అయిపోయాయి, కొని తెచ్చేవాళ్ళం. ఆ పచ్చడికి పేరేంటని ఇరుగుపొరుగు అడిగితే అత్తయ్య, "ఏదో గొంతు మందులెండి," అని దాటేసేది. నువ్వుల మాట బయట పెట్టేది కాదు.

వైశాఖంలో పోయారు. జబ్బు గొంతు వదిలి ఊపిరితిత్తుల్లోకి చేరింది. దానికి ఎవరి దగ్గరా మందు లేకపోయింది. చివరి రోజు దాకా నోటితోనే తిన్నారు. ఆయన మమ్మల్ని అడిగింది ఆ ఒక్కటే, అది జరిగింది.

ఆ తర్వాత వచ్చిన శ్రావణంలో మా గుమ్మం ఎక్కి ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు. మైల ఇల్లు కాబట్టి పిలవరు, అది ఆచారం, ఎవరి తప్పూ కాదు. అత్తయ్య ఆ శుక్రవారాలు ముందుగదిలో కూర్చుని, వీధిలో పట్టుచీరలు అటూ ఇటూ పోతుంటే చూసేది. మా ఇంట్లోకి ఒక్క సెనగ గింజ రాలేదు. ఇన్నేళ్ళు ఆ సెనగలని విసుక్కున్నదాన్ని, ఆ నెలంతా వంటింట్లో వెలితిగా తిరిగాను. అత్తయ్య మళ్ళీ ఎప్పుడూ హమ్మస్ చెయ్యలేదు. చెయ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం ఇంట్లోనే పెట్టించాం. ముందుగదిలో మంచం ఉండే చోట చాప వేసి మోహన్‌ని కూర్చోబెట్టారు పంతులుగారు. వేలికి దర్భ ఉంగరం తొడిగించి, మంత్రం చదువుతూ మధ్యలో ఆగి, "నువ్వులమ్మా," అన్నారు. నేను ముందే సిద్ధం చేసి పెట్టుకున్న నల్ల నువ్వుల దొన్నె తీసుకుని వెళ్తున్నాను. వంటింటి గుమ్మంలో అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. దొన్నెలోంచి రెండు గింజలు తీసి నోట్లో వేసుకుంది.

"ఇవి పచ్చివి," అంది.

"అవునండి అత్తయ్యా."

"ఆయనకి పచ్చివి చేదు. దోరగా వేయించి తీసుకురా."

మాట ముందుగదిలోకి వినిపించింది. పంతులుగారు తలెత్తారు. ఆయన పెద్దాయన, కోప్పడే మనిషి కాదు.

"తర్పణానికి వేయించినవి పనికిరావమ్మా," అన్నారు మెల్లిగా.

అత్తయ్య ఆయన మాట వినిపించుకున్నట్టు కూడా లేదు. నా చెయ్యి వదల్లేదు. మోహన్ నా వైపు చూశాడు, వాళ్ళమ్మ వైపు చూశాడు. చాచిన అరచెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"కాసేపు ఆగుదాం పంతులుగారూ," అన్నాడు.

నేను లోపలికెళ్ళి మూకుడు పొయ్యి మీద పెట్టాను.